హైదరాబాద్‌లో ఇల్లు కిరాయికి ఇస్తున్నారా? ఓనర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కూకట్‌పల్లిలో ఇంటి పైన రెండు పోర్షన్లు వేసి అద్దెకిచ్చే రిటైర్డ్ ఉద్యోగి అయినా, డల్లాస్‌లో ఉంటూ నార్సింగిలో ఫ్లాట్ కొన్నవాళ్లయినా దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. చట్టంలో ఉన్నదేమిటో, ఊళ్లో నడిచే అలవాటు ఏమిటో వీలైనంత వరకు విడదీసి రాశాను. ఆ రెండిటినీ కలిపేసినప్పుడే గొడవలు మొదలవుతాయి.

అద్దె ఎంత చెప్పాలో ఎలా తేల్చుకోవాలి?

వెబ్‌సైట్లలో కనిపించేది ఓనర్లు ఆశపడుతున్న అద్దె. నిజంగా కుదిరిన అద్దె తెలియాలంటే వాచ్‌మన్‌ని అడగండి. మీ అపార్ట్‌మెంట్‌లోనో పక్క సందులోనో ఈమధ్యే ఎవరో ఒకరు దిగి ఉంటారు, ఎంతకు దిగారో అతనికి తెలుసు. మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లగలిగే దూరం, కారు పార్కింగ్, పవర్ బ్యాకప్, ఎండాకాలంలో నీళ్లు. వీటికి జనం డబ్బు పెడతారు. మీరు ముచ్చటపడి చేయించిన ఫాల్స్ సీలింగ్‌కి పెట్టరు.

ఇక అసలు లెక్క. మీ ఫ్లాట్‌కి 22,000 వస్తుందనుకోండి. 24,000 ఇచ్చేవాళ్ల కోసం ఒక నెల ఖాళీగా ఉంచారు. అనుకున్నట్టే వాళ్లు దొరికారు. నెలకు 2,000 చొప్పున 11 నెలల అగ్రిమెంట్ మొత్తానికి మీకు అదనంగా వచ్చేది 22,000. ఖాళీగా ఉన్న నెలలో పోయింది కూడా సరిగ్గా 22,000. పైగా ఆ నెల మెయింటెనెన్స్ మీరే కట్టారు. రెండో నెల కూడా ఖాళీగా ఉంటే చేతి నుంచి పడినట్టే. అందుకే అద్దె కాస్త తగ్గినా, మూడు నాలుగేళ్లు కదలకుండా ఉండే కుటుంబమే నా దృష్టిలో మంచి బేరం. కింద చాలా జవాబులు ఈ లెక్క మీదే ఆధారపడి ఉంటాయి.

ఏ నెలల్లో ఇల్లు త్వరగా వెళ్తుంది?

పిల్లలున్నవాళ్లు జూన్‌లో స్కూళ్లు తెరిచేలోపు మారిపోవాలని చూస్తారు కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో టులెట్ బోర్డు పెడితే ఫోన్లు బాగా వస్తాయి. ఆ తర్వాత ఆషాఢం. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలని, మూఢం ఉందని చాలామంది కొత్త ఇంట్లో పాలు పొంగించరు. ఇల్లు నచ్చినా "శ్రావణంలో దిగుతామండీ" అంటారు. అలాంటివాళ్లని వదులుకోకండి. టోకెన్ అడ్వాన్స్ తీసుకుని, ఈలోపు సున్నాలు, రిపేర్లు చేయించుకోండి. కొందరు ఆషాఢం రాకముందే పాలు పొంగించేసి, సామాను తర్వాత తెచ్చుకుంటారు. అప్పుడు పది పదిహేను రోజుల అద్దె వదిలేయడంలో నష్టమేమీ లేదు.

గచ్చిబౌలి, కొండాపూర్, మాదాపూర్ వైపు ఈ పట్టింపు తక్కువ. వేరే రాష్ట్రాల నుంచి వచ్చే ఉద్యోగులు జాయినింగ్ డేట్ చూసుకుని దిగుతారు.

టులెట్ బోర్డు మాత్రం మీ గేటుకే కట్టండి. కరెంటు స్తంభాలకు, పబ్లిక్ గోడలకు అంటించినవాళ్లకు జీహెచ్‌ఎంసీ జరిమానాలు వేసింది, అదీ బోర్డు మీదున్న ఫోన్ నంబర్ పట్టుకుని.

అగ్రిమెంట్ 11 నెలలకే ఎందుకు రాస్తారు?

1908 రిజిస్ట్రేషన్ చట్టంలోని 17వ సెక్షన్ అసలు రూపం ప్రకారం ఏడాదికి మించిన లీజు తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చు, తిరుగుడు తప్పించుకోడానికి 11 నెలలు అలవాటైంది. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో చేసిన సవరణతో ఇక్కడ ఏడాదిలోపు లీజు పత్రానికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరైంది, కాబట్టి 11 నెలలని రాసినంత మాత్రాన ఆ నిబంధన తప్పదు.

ఇక్కడ రెండు అపోహలున్నాయి. ఒకటి, నోటరీ చేయిస్తే రిజిస్ట్రేషన్ అయినట్టే అని. కాదు. రెండోది, 100 రూపాయల స్టాంప్ పేపర్ మీద రాస్తే సరిపోతుందని. ఊరంతా అలాగే రాసుకుంటారు, రోజువారీ అవసరాలకు నడుస్తుంది కూడా. కానీ స్టాంప్ డ్యూటీని లెక్కగట్టాల్సింది అద్దె మొత్తం మీద. వివాదం కోర్టుకు వెళ్తే తక్కువ స్టాంపున్న కాగితానికి తేడా సొమ్ము, దాని మీద పెనాల్టీ కట్టాకే సాక్ష్యంగా తీసుకుంటారు. షాపులు, ఆఫీసులు, పెద్ద అద్దెలున్న విల్లాలకైతే రిజిస్టర్డ్ లీజుకే వెళ్లండి.

గడువు అయిపోయినా కొత్త అగ్రిమెంట్ రాసుకోకుండా అద్దె తీసుకుంటూ ఉంటే, అది నెల నెలా కొనసాగే అద్దె కిందకు వస్తుంది. అప్పుడు ఖాళీ చేయమనాలంటే 1882 ఆస్తి బదిలీ చట్టం ప్రకారం కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలి.

అగ్రిమెంట్‌లో ఏం తప్పకుండా రాయాలి?

జిరాక్స్ షాపులో దొరికే ఫార్మాట్‌లో పేర్లు, అద్దె, తేదీ ఉంటాయి. గొడవ వచ్చేది అందులో లేని విషయాల మీద. పార్కింగ్ స్లాట్ నంబర్, ఎంతమంది ఉంటారు, నోటీసు ఒక నెలా రెండు నెలలా, మెయింటెనెన్స్ ఎవరిది, ట్యాంకర్ డబ్బులు ఎవరివి, 11 నెలల తర్వాత ఎంత పెంపు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఎంత పట్టుకుంటారు. ఇవన్నీ అంకెల్లో ఉండాలి. "తగినంత", "అవసరమైతే" లాంటి మాటలు రాయకండి. వేరేవాళ్లకు మళ్లీ అద్దెకివ్వకూడదని, రోజువారీ గెస్టులకు ఇవ్వకూడదని ఒక లైను పెట్టండి. సినిమా షూటింగులకు ఇవ్వకూడదని రాసినవాళ్లు కూడా ఉన్నారు, ఈ ఊళ్లో అదీ అవసరమే మరి.

చివర్లో ఒక పేజీ సామాన్ల జాబితా జత చేసి ఇద్దరూ సంతకం పెట్టండి. ఇలా ఉంటే చాలు:

"హాల్: సీలింగ్ ఫ్యాన్లు 2, ఎల్‌ఈడీ ట్యూబ్‌లైట్లు 2, కాలింగ్ బెల్ పనిచేస్తోంది. మాస్టర్ బెడ్‌రూమ్: ఫ్యాన్ 1, వార్డ్‌రోబ్ తాళాలు 3, కిటికీ మెష్ ఎడమవైపు చిన్న చిరుగు. కామన్ బాత్రూమ్: 15 లీటర్ల గీజర్, హెల్త్ ఫాసెట్, వాష్‌బేసిన్ అంచున పగులు ముందే ఉంది. కరెంటు మీటర్ రీడింగ్ ఇంత. తాళాల సెట్లు 2 ఇచ్చాం."

ఆ "ముందే ఉంది" అన్న మాట మీకంటే టెనెంట్‌కే ఎక్కువ మేలు చేస్తుంది. అది మీ చేత్తో రాస్తే మీ మీద నమ్మకం కుదురుతుంది.

అడ్వాన్స్ ఎంత తీసుకోవచ్చు?

హైదరాబాద్‌లో రెండు నెలల అద్దె మామూలు, కొన్నిచోట్ల మూడు. బెంగళూరులో పది నెలలు అడిగేవారని ఇక్కడా మొదలుపెట్టకండి, మంచివాళ్లు మెట్లు దిగి వెళ్లిపోతారు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో ఇళ్లకు రెండు నెలలు, షాపులు ఆఫీసులకు ఆరు నెలలు మించకూడదని ఉంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టం చేసుకుంటేనే కట్టుబాటు అవుతుంది. అయినా రెండు నెలలన్నది సబబైన లెక్కే.

తీసుకోవడంలో పేచీ రాదు, తిరిగివ్వడంలోనే వస్తుంది. పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకోవడం ఇక్కడి ఆనవాయితీ. ముందే చెప్పి, రాసుకుని ఉంటే ఎవరూ కాదనరు. అడ్వాన్స్ తీసుకునేటప్పుడు మాట్లాడకుండా, సామాను లారీ ఎక్కాక "పెయింటింగ్‌కి ఇరవై వేలు అవుతుంది" అంటే అది అన్యాయం. మూడేళ్లున్న ఇంట్లో గోడల రంగు ఎలాగూ వెలుస్తుంది. పిల్లలు క్రేయాన్లతో గీసిన గీతలు వేరు, కాలానికి మాసిన గోడ వేరు. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు టెనెంట్ బాధ్యుడు కాడని ఆస్తి బదిలీ చట్టమే చెబుతోంది.

టెనెంట్ వివరాలు పోలీసులకు ఇవ్వాలా?

ఇవ్వండి. తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్‌లో టెనెంట్ల వివరాలు నమోదు చేసే వీలుంది, లేదంటే మీ పరిధిలోని పోలీస్ స్టేషన్‌లో ఇవ్వొచ్చు. ఆధార్ కాపీ, ఆఫీస్ ఐడీ, సొంతూరి అడ్రస్ తీసుకోండి. ఆధార్‌లో చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ చాలు.

వీటన్నిటికంటే పనికొచ్చేది ఇంతకుముందు ఉన్న ఇంటి ఓనర్‌కి ఒక ఫోన్. "అద్దె టైముకి ఇచ్చారా?" అని అడిగితే ఎవరైనా అవుననే అంటారు. "మళ్లీ వస్తానంటే ఇస్తారా?" అని అడిగి చూడండి.

బ్యాచిలర్స్‌కి ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు. చట్టం ఆపదు. మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో ఏమైనా తీర్మానం ఉందేమో చూసుకోండి, లేకపోతే ప్రతి ఆదివారం మీకే ఫోన్ వస్తుంది. ఐటీలో పనిచేసే పిల్లలు అద్దె ఒకటో తారీఖునే వేస్తారు, అందులో వంక పెట్టడానికి లేదు. చిక్కల్లా మనుషులు మారిపోవడంలో ఉంది. ముగ్గురు దిగుతారు, ఆర్నెల్లకు ఒకడు పుణె వెళ్తాడు, వాడి స్థానంలో ఇంకొకడు వస్తాడు, ఏడాది తిరిగేసరికి మీరు ఎవరికి ఇచ్చారో వాళ్లెవరూ ఉండరు. అందుకే అందరితో సంతకం పెట్టించండి, మొత్తం అద్దెకు ప్రతి ఒక్కరూ బాధ్యులని రాయించండి, మనిషి మారితే ముందు మీకు చెప్పి కొత్తతని ఐడీ ఇవ్వాలని పెట్టండి. అడ్వాన్స్ మాత్రం ఒక్కరి అకౌంట్ నుంచే తీసుకుని, తిరిగి ఒక్కరికే ఇవ్వండి. వాళ్లలో వాళ్ల పంపకాల్లో మీరు దూరక్కర్లేదు.

నీళ్ల విషయంలో ఏమేం చూసుకోవాలి?

ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు వంటగది కంటే ముందు "నీళ్లు ఎలా వస్తాయండీ?" అని అడుగుతారు. నిజం చెప్పండి. మార్చిలో ట్యాంకర్ వచ్చినప్పుడు ఎలాగూ తెలుస్తుంది.

జలమండలి 2021 జనవరి నుంచి ఇళ్లకు నెలకు 20 వేల లీటర్లు ఉచితంగా ఇస్తోంది. దానికి మీటరు పనిచేస్తూ ఉండాలి, క్యాన్ నంబర్‌కి (బిల్లు మీదుండే నల్లా కనెక్షన్ నంబర్) ఆధార్ లింకై ఉండాలి. ఈ రెండూ చేయించుకోక ఇప్పటికీ నల్లా బిల్లు కడుతున్న ఇళ్లున్నాయి. అపార్ట్‌మెంట్లలో కనెక్షన్ ఒక్కటే అయినా ఫ్లాట్‌కి 20 వేల చొప్పున లెక్క కడతారు. బిల్లు సందేహాలకు, నీళ్లు రాకపోయినా, డ్రైనేజీ పొంగినా 155313కి ఫోన్ చేయండి.

ఇక బోరు. మనది గ్రానైట్ నేల, బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. దాని ప్రభావం టెనెంట్ ఫోన్ల రూపంలో మీకు తెలుస్తూ ఉంటుంది. "అంకుల్, గీజర్ ఆన్ చేయగానే ట్రిప్ అవుతోంది" అని ఒక రోజు, "షవర్‌లో నీళ్లు సన్నగా వస్తున్నాయి" అని ఇంకో రోజు. గీజర్ విప్పితే ఎలిమెంట్ మీద తెల్లటి పెచ్చు వేలి మందాన పేరుకుని ఉంటుంది. అది కరెంటు ఎక్కువ తాగుతుంది, చివరికి ఎలిమెంట్ పగిలి ట్రిప్ అవుతుంది. కొత్తది కొనమని చెప్పే మెకానిక్ మాట వెంటనే వినకండి. ట్యాంకు కారకపోతే ఎలిమెంట్ మార్చి, లోపల శుభ్రం చేయిస్తే ఇంకొన్నేళ్లు నడుస్తుంది. కుళాయి మూతి దగ్గరున్న జల్లెడ విప్పి రాత్రంతా వెనిగర్‌లో వేస్తే సున్నం వదిలిపోతుంది. షవర్‌కీ అంతే. ఇది టెనెంట్‌కి ఒకసారి చూపిస్తే మళ్లీ ఫోన్ రాదు.

సంప్, ఓవర్‌హెడ్ ట్యాంక్ ఆర్నెల్లకోసారి కడిగించండి. సంప్‌లో బాల్ వాల్వ్ అరిగిపోతే నల్లా వచ్చిన రోజు నీళ్లు రోడ్డు మీదకు పొంగుతాయి. ఫ్లష్ ట్యాంక్‌లో వాషర్ పోతే చప్పుడు లేకుండా రోజంతా కారుతూనే ఉంటుంది. అనుమానముంటే ట్యాంక్‌లో కాస్త పసుపు నీళ్లు పోసి అరగంట ఆగండి, కమోడ్‌లోకి రంగు దిగితే వాషర్ మార్చాల్సిందే. ట్యాంకర్ల మీద పోసే డబ్బులతో పోలిస్తే ఆ వాషర్ ధర లెక్కలోకే రాదు.

పోర్షన్‌కి వేరే కరెంటు మీటరు తప్పనిసరా?

తప్పనిసరని కాదుగానీ, లేకపోతే రెండు ఇళ్లూ నష్టపోతాయి. మన టారిఫ్‌లో నెలకు 200 యూనిట్లు దాటితే ఆ పైన వాడిన యూనిట్లకే కాదు, మొదటి యూనిట్ నుంచి ఖరీదైన గ్రూపులోకి వెళ్తుంది. కింద 150, పైన 150 వాడుతూ ఒకే మీటరుంటే బిల్లు 300కి వస్తుంది. సబ్ మీటర్ పెట్టి పంచుకున్నా ఈ తేడా పోదు, సబ్ మీటర్ మీ లెక్క కోసమే తప్ప డిస్కమ్‌కి, అంటే కరెంటు సరఫరా సంస్థకి, దానితో సంబంధం లేదు.

ఇంకో సంగతి. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులైన రేషన్ కార్డు కుటుంబాలకు 200 యూనిట్లలోపు వాడకం ఉచితం. అద్దెకున్నవాళ్లకూ వర్తిస్తుంది. మీటరు విడిగా లేకపోతే వాళ్లకు అది అందదు. అందుకే ఇల్లు చూసేటప్పుడే "మీటర్ సెపరేటేనా?" అని అడుగుతున్నారు.

బాకీ బిల్లు మనిషిని వెతుక్కుంటూ వెళ్లదు, సర్వీస్ నంబర్‌తో పాటు ఇంటికే అంటిపెట్టుకుని ఉంటుంది. టీజీఎస్పీడీసీఎల్ యాప్‌లో మీ సర్వీస్ నంబర్ వేసి రెండు మూడు నెలలకోసారి మీరే చూసుకోండి.

రిపేర్లలో ఏది ఓనర్ ఖర్చు, ఏది టెనెంట్ ఖర్చు?

గోడలు, స్లాబు, పైపులు, వైరింగ్, మోటారు, లీకేజీ ఓనర్‌వి. బల్బులు, కుళాయి వాషర్లు, ఫ్యూజులు, వాళ్ల చేతిలో పగిలిన అద్దాలు టెనెంట్‌వి. మధ్యలో ఉండేవే తగువులు: గీజర్, చిమ్నీ, ఏసీ సర్వీసింగ్. నేనైతే ఒక మొత్తం పెట్టమంటాను. 500 రూపాయలలోపు పని టెనెంట్ చేయించుకోవాలి, ఆపైన ఓనర్. అంకె మీ ఇష్టం, కానీ రాసి ఉండాలి.

ఓనర్లు చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఓనర్ చేయించాల్సిన రిపేరును నోటీసిచ్చినా తగిన సమయంలో చేయించకపోతే, టెనెంట్ తానే చేయించి ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి వాట్సాప్‌లో మెసేజ్ చూసి బ్లూ టిక్ ఇచ్చి ఊరుకోకండి. మంచి ప్లంబర్, ఎలక్ట్రీషియన్ నంబర్లు టెనెంట్‌కి ఇచ్చేయండి. "వాళ్లని పిలవండి, బిల్లు ఫొటో నాకు పంపండి" అంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

వర్షాకాలానికి ముందు ఏం చేయించాలి?

జూన్ మొదట్లో వానలు పడతాయి కాబట్టి మే ఆఖరి వారంలో ఒకసారి డాబా ఎక్కండి. వాన నీళ్లు దిగే పైపు మూతి దగ్గర చూడండి. ఎండుటాకులు, పావురాల ఈకలు, ఎగిరొచ్చిన ఒక పాలిథిన్ కవరు. ఇంతే ఉంటుంది. ఆ కవరు ఒక్కటి మూతికి అడ్డం పడితే చాలు, రాత్రి కుండపోతకు డాబా చెరువైపోయి, తెల్లారేసరికి పై పోర్షన్ సీలింగ్‌లో గోధుమ రంగు మరక దిగుతుంది. తర్వాత వాటర్ ప్రూఫింగ్ అని వేలకు వేలు. చెత్త తీసి, మూతికి జాలీ పెట్టించి, బకెట్‌తో నీళ్లు పోసి గలగలా దిగుతున్నాయో లేదో చూడండి. పిట్టగోడ, స్లాబు కలిసే చోట వెంట్రుకవాసి పగుళ్లుంటే ఇప్పుడే పూడ్పించండి. తడి మీద ఏ కెమికల్ పూసినా పట్టదు, ఎండిన నేల మీదే పట్టుకుంటుంది.

బాత్రూమ్ లీకేజీ వానతో సంబంధం లేకుండా ఏడాదంతా ఉంటుంది. కింది ఫ్లాట్‌వాళ్లు "మా సీలింగ్ చెమ్మ" అంటే ముందు టైల్స్ మధ్య గ్రౌటింగ్, నేలలో నీళ్లు పోయే నహానీ ట్రాప్ చుట్టూ సందులు చూడండి. సగం కేసులు ఎపాక్సీ గ్రౌట్‌తో ఆగిపోతాయి. మేస్త్రీలు మొదటే మొత్తం టైల్స్ పగలగొట్టాలంటారు. పగలగొట్టే ముందు ఇరవై నాలుగు గంటలు ఆ బాత్రూమ్ వాడకుండా ఆపి, కింద చెమ్మ ఆరుతోందో లేదో చూడండి. వాడకపోయినా తడుస్తూనే ఉంటే అది పైపు లీకు, గ్రౌటింగ్‌తో పోదు.

గ్రౌండ్ ఫ్లోర్ పోర్షన్, సెల్లార్ ఉన్నవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. 2020 అక్టోబర్ వానల్లో టోలిచౌకి నదీమ్ కాలనీ లాంటి చోట్ల ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. రోడ్డు మట్టం మీ గడప కంటే ఎత్తుగా ఉంటే డ్రైనేజీ లైనుకు నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించండి, లేకపోతే వీధిలో మ్యాన్‌హోల్ నిండినప్పుడు ఆ నీరు బాత్రూమ్‌లోంచి పైకి తన్నుతుంది. కరెంటు మీటరు బోర్డు నేలకు దగ్గరగా ఉంటే ఎత్తుకు మార్పించండి. ఇల్లు నీళ్లొచ్చే చోట ఉందన్న సంగతి టెనెంట్‌కి ముందే చెప్పడం మర్యాద. చట్టం ప్రకారం కూడా, మీకు తెలిసి బయటికి కనిపించని పెద్ద లోపాన్ని దాచకూడదు.

బాల్కనీలకు పావురాల నెట్ మీరే వేయించండి. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనక గూడు కట్టాక పిలిస్తే శుభ్రం చేసే ఖర్చు వేరే.

అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ ఎవరు కట్టాలి?

నెలనెలా వచ్చేది టెనెంట్, ఆస్తి విలువ పెంచేది ఓనర్. అంటే వాచ్‌మన్ జీతం, లిఫ్టు కరెంటు, చెత్త, ట్యాంకర్లు టెనెంట్‌వి. కార్పస్ ఫండ్ (పెద్ద ఖర్చుల కోసం అసోసియేషన్ దాచే నిధి), కొత్త లిఫ్టు, బయటి పెయింటింగ్, కొత్త బోరు మీవి. గేటెడ్ కమ్యూనిటీల్లో మెయింటెనెన్స్ చదరపు అడుగు లెక్కన ఉంటుంది, అద్దెలో దాదాపు ఐదో వంతు దాకా వెళ్లే చోట్లూ ఉన్నాయి. అద్దె ఎంతో, మెయింటెనెన్స్ ఎంతో మొదటి ఫోన్‌లోనే విడివిడిగా చెప్పండి.

ఏటా అద్దె ఎంత పెంచాలి?

5 నుంచి 10 శాతం రాసుకోవడం అలవాటు. టైముకి ఇస్తూ, ఇల్లు అద్దంలా ఉంచే కుటుంబానికి 5 దాటకండి. మొదటి జవాబులో వేసిన లెక్క మళ్లీ చూసుకోండి: వాళ్లు వెళ్లిపోతే ఖాళీ నెల, పెయింట్, బ్రోకర్.

ప్రాపర్టీ ట్యాక్స్ సంగతేంటి?

అది ఓనర్ బాధ్యత. జీహెచ్‌ఎంసీ ఏటా ఏప్రిల్‌లో ఎర్లీ బర్డ్ పేరుతో, ఆ ఆర్థిక సంవత్సరం పన్ను మొత్తం ఒకేసారి కట్టినవాళ్లకు 5 శాతం తగ్గిస్తూ వస్తోంది. ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ. అప్పుడప్పుడు వన్ టైమ్ సెటిల్‌మెంట్ అని వడ్డీలో 90 శాతం మాఫీ చేస్తారు, దాని కోసం కాచుకుని కూర్చోవడం జూదమే. ముందు గదిలో షాపు పెట్టిస్తే ఆ భాగానికి ఇంటి రేటు కాకుండా కమర్షియల్ రేటు పడుతుంది, కరెంటు కేటగిరీ కూడా మారుతుంది. ఆ పెరిగేది లెక్కేసుకుని షాపు అద్దె చెప్పండి.

అద్దె మీద ఇన్‌కమ్ ట్యాక్స్ ఎలా లెక్కేస్తారు?

ఏడాదికి 2,64,000 అద్దె వచ్చింది, అందులో మీరు కట్టిన ప్రాపర్టీ ట్యాక్స్ 6,000 అనుకుందాం. మిగిలిన 2,58,000లో 30 శాతం, అంటే 77,400, రిపేర్లు వగైరాల కింద బిల్లులేమీ చూపించకుండానే తీసేస్తారు. 1,80,600 మీ ఆదాయంలో కలుస్తుంది. హోమ్ లోన్ ఉంటే వడ్డీ కూడా ఇందులోంచి తీసేయొచ్చు. అలా తీసేశాక నష్టం మిగిలితే, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లు దాన్ని జీతంలోంచి తగ్గించుకోలేరు. మీకు పెయింటింగ్‌కి లక్ష అయినా, ఒక్క రూపాయి కాకపోయినా మినహాయింపు ఆ 30 శాతమే. 2025 కొత్త ఆదాయపు పన్ను చట్టంలోనూ దీన్ని అలాగే ఉంచారు.

అద్దె ఏడాదికి లక్ష దాటితే, హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు కోసం టెనెంట్ మీ పాన్ అడుగుతారు. "పాన్ ఇవ్వను, క్యాష్ ఇవ్వండి" అనడం పాత కాలపు ఆలోచన, ఉద్యోగస్తులు అలాంటి ఇల్లు వదిలేస్తారు. నెల అద్దె 50,000 దాటితే టెనెంట్ మీకిచ్చే అద్దెలోంచి 2 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోసి కట్టాలి. 2024 అక్టోబర్‌కి ముందు అది 5 శాతం ఉండేది.

అద్దె ఇవ్వడం లేదు. కరెంటు, నీళ్లు ఆపేయొచ్చా?

వద్దు. తాళం మార్చడం, సామాను బయట పెట్టడం, నలుగురిని తీసుకెళ్లి బెదిరించడం కూడా వద్దు. అప్పటిదాకా న్యాయం మీ వైపుంటే, ఆ క్షణం నుంచి కేసు మీ మీద అవుతుంది.

మొదటి నెల ఆలస్యమైనప్పుడే వాట్సాప్‌లో మర్యాదగా రాయండి, ఫోన్‌లో మాట్లాడింది కూడా తర్వాత ఒక మెసేజ్‌గా పెట్టండి. ఉద్యోగం పోయినవాళ్లు, ఆస్పత్రి ఖర్చులో ఉన్నవాళ్లు ఉంటారు. ఎప్పటికి ఎంత ఇస్తారో తేదీలతో రాయించుకుని గడువిస్తే చాలావరకు సర్దుకుంటుంది. రెండో నెల కూడా రాకపోతే, అడ్వాన్స్ అయిపోయేదాకా ఆగకుండా లాయర్‌తో నోటీసు పంపించండి. 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం తక్కువ అద్దెలున్న పాత ఇళ్లకే పరిమితం. ఇవాళ్టి అద్దెల్లో చాలా ఇళ్లకు వర్తించేది ఆస్తి బదిలీ చట్టం. నోటీసు గడువు ముగిశాక సివిల్ కోర్టులో ఖాళీ చేయించే దావా వేయాలి. దానికి టైము పడుతుంది. అందుకే చాలామంది ఓనర్లు బాకీలో కొంత వదులుకునైనా తాళాలు చేతికి తెచ్చుకుంటారు. వినడానికి మింగుడుపడదు, కానీ ఖాళీ ఇల్లు మళ్లీ సంపాదిస్తుంది.

పన్నెండేళ్లు ఉంటే ఇల్లు టెనెంట్‌దైపోతుందట, నిజమేనా?

కాదు. మీ అనుమతితో, అద్దె కడుతూ ఉన్నవాళ్లు ఎన్నేళ్లున్నా టెనెంటే. ఆ 12 ఏళ్ల లెక్క, అసలు ఓనర్ హక్కును కాదంటూ బహిరంగంగా ఆక్రమించుకున్నవాళ్ల విషయంలో వస్తుంది. అగ్రిమెంట్ రెన్యూ చేస్తూ, అద్దె బ్యాంకు ద్వారా తీసుకుంటూ ఉంటే భయపడాల్సిందేమీ లేదు. ఈ భయంతో మంచి టెనెంట్‌ని మూడేళ్లకే పంపించేసేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

ఎన్ఆర్ఐలం. దూరం నుంచి ఎలా చూసుకోవాలి?

ముందు పన్ను. ఓనర్ ఎన్ఆర్ఐ అయితే అద్దె ఎంత చిన్నదైనా టెనెంట్ 30 శాతం, దాని మీద సెస్ కలిపి టీడీఎస్ కోయాలి. 50,000 పరిమితి ఇక్కడ లేదు. ఈ సంగతి దాచి ఇక్కడుండే ఓనర్‌లా ఇస్తే రేపు నోటీసు టెనెంట్‌కి వస్తుంది. అసలు పన్ను తక్కువే అయితే రిటర్న్ వేసి తిరిగి తెచ్చుకోవచ్చు. అద్దెను మామూలుగా ఎన్ఆర్ఓ అకౌంట్‌కి (ఇక్కడి ఆదాయం కోసం ఎన్ఆర్ఐలు తెరిచే బ్యాంకు ఖాతా) వేయించుకుంటారు.

అగ్రిమెంట్ మీద సంతకానికి, అసోసియేషన్ మీటింగులకు ఇక్కడున్న అన్నకో, బావమరిదికో పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వండి. అద్దెకివ్వడం, వసూలు చేయడం, రిపేర్లు చేయించడం వరకే పరిమితం చేయండి, అమ్మే అధికారం అందులో అక్కర్లేదు. బంధువుల్ని పదేపదే ఇబ్బంది పెట్టలేమనుకుంటే ఇళ్లు చూసిపెట్టే ఏజెన్సీలున్నాయి. వాళ్లతో మాట్లాడేటప్పుడు రిపేరు బిల్లుల్లో వాళ్ల కమీషన్ ఎంతో, మీ అనుమతి లేకుండా ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చో అడగండి. ఆర్నెల్లకోసారి టెనెంట్‌కి ముందే చెప్పి వీడియో కాల్‌లో ఇల్లంతా చూడండి. సింక్ కింద, వార్డ్‌రోబ్ వెనక గోడ, బాల్కనీ మూలలు అడిగి మరీ చూపించమనండి. హాల్ ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది.